మెట్ల బావి దగ్గర నేను చెప్పిన కథ

పత్తర్‌గట్టిలో మా బట్టల దుకాణం మా తాత పెట్టింది. అక్కడ గాదీ పరుపు మీద కూర్చుని నలభై ఏళ్ళు చీరలు అమ్మాను. నాకొక అలవాటు ఉంది. కథ చెప్పకుండా చీర మడత విప్పలేను. ఆకుపచ్చ చీర తీశానంటే, ఈ రంగు అద్దే ముసలాయన పోయినేడే కాలం చేశాడమ్మా, ఇక ఈ పచ్చ మళ్ళీ రాదు అంటాను. ఆ ముసలాయన ఎవరో నాకూ తెలియదు. చీర కొన్నవాళ్ళు ఆయన్ని కూడా ఇంటికి తీసుకుపోయి, పెళ్ళిళ్ళలో నలుగురికీ చెప్పుకునేవాళ్ళు. ఇది అబద్ధమని నాకెప్పుడూ అనిపించలేదు. మడత మీద వేసే ఇస్త్రీ లాంటిది అనుకున్నాను.

ఆ అలవాటు ఒక మనిషిని ఏం చేసిందో రాయాలని కూర్చున్నాను. అతను ఇప్పటికీ బతికే ఉన్నాడు. కానీ కొన్ని నెలలపాటు ఆ సంగతి అతనే నమ్మలేదు. నమ్మకపోవడానికి కారణం నేను.

కరోనా తర్వాత నాకు షుగర్ పెరిగింది. రోజూ గంటసేపు నడవమన్నాడు డాక్టరు. పాతబస్తీలో నడవడమంటే బండికీ బండికీ మధ్య ఒదిగి పోవడమే. అందుకని దుకాణం కొడుకుకి అప్పగించి, పొద్దున్నే చెట్టున్న చోటు వెతుక్కుంటూ బయలుదేరేవాణ్ణి. మీరాలం చెరువు కట్ట మీద కొన్నాళ్ళు నడిచాను. తెల్లవారు జామున అక్కడ నీళ్ళ మీద కొంగలు నిలబడి ఉంటాయి, దూరంగా జూ వైపు నుంచి ఏదో జంతువు అరుపు వినిపిస్తుంది. తర్వాత తెలిసింది, మా వైపు తోటలన్నీ గోడల వెనక ఉంటాయని. సందులో పాత చెక్క తలుపు తోస్తే లోపల వేపచెట్ల నీడ. జిరాక్సు దుకాణం వెనక ఎండిన ఫౌంటెను, దాని చుట్టూ దానిమ్మలు. అరవై ఏళ్ళు అక్కడే బతికి వాటిని చూడలేదు నేను.

అలా దొరికిందే హుస్సేనీ ఆలం సందుల్లోని తోట. ఒకప్పుడు ఎవరో నవాబు దేవిడీకి, అంటే పెద్ద భవంతికి, చెందింది. పేరు రాయను. రెండెకరాలు ఉంటుందేమో. సపోటాలు, పెద్ద చింతచెట్టు, మల్లె మడులు, చివరన మెట్ల బావి. ఆ బావి మెట్లు తిన్నగా దిగి, కింద కుడికి తిరుగుతాయి. తిరిగిన తర్వాత ఏముందో పైనున్నవాళ్ళకు కనిపించదు. నీళ్ళ వాసన మాత్రం వస్తుంది. మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ నిలబడితే ముంజేతుల మీద చల్లగా తగిలేది.

తోటకి ఒక్కడే మాలి. డెబ్బై దగ్గర పడ్డ మనిషి. భార్య పోయింది. ఒక్కతే కూతురు, మాదన్నపేట మార్కెట్‌లో కూరగాయలు అమ్ముతుంది. అతను మాత్రం గేటు పక్క గదిలో ఒంటరిగా ఉండేవాడు. బావిలోంచి మోటరుతో నీళ్ళు తోడి మడులకు పెట్టడం అతని పని. బావిలోకి దిగేముందు చెప్పులు పై మెట్టు మీద విడిచి, లోపలికి చూసి, గట్టిగా "వస్తున్నా!" అనేవాడు. కాసేపు ఆగి అప్పుడు దిగేవాడు. పైకి వచ్చాక వెనక్కి తిరిగి "పోతున్నా" అనేవాడు.

మొదటిసారి విన్నప్పుడు నవ్వాను. "ఎవరికి చెప్తున్నవన్నా?"

"ఎవలుంటె గాల్లకు, సేటూ. పావురాలుంటయ్, గబ్బిలాలుంటయ్, పురుగు పుట్ర ఉంటది. చెప్పి దిగితె పక్కకు జరుగుతయ్. చెప్పకుంట పోతె భయపడి మీద వడ్తయ్. మా నాయిన గిట్లనే అంటుండె."

"ఇంకేం చెప్పిండు మీ నాయిన?"

"నీల్లకాడ ఝూటా మాట్లాడొద్దన్నడు."

"ఎందుకట?"

"ఏమో. ఆయన చెప్పలె, నేనడగలె."

మా దుకాణానికి వచ్చే ఒకామె, నేను తోటల గురించి చెప్పేది విని, మాకూ చూపించండి అంది. ఒక ఆదివారం సాయంత్రం పదిమందిని వెంటబెట్టుకుని తిరిగాను. అందరూ గచ్చిబౌలి వైపు నుంచి వచ్చినవాళ్ళు. పాతబస్తీ అంటే చార్మినారు, గాజులు తప్ప తెలియనివాళ్ళు. దానిమ్మల దగ్గర వాహ్ అన్నారు. చింతచెట్టు కింద ఫోటోలు దిగారు. బావి దగ్గరికి వచ్చేసరికి అలిసిపోయారు. అందులో ఒకాయన మెట్ల వైపు ఓసారి చూసి, "ఇంతేనా? ఇంకేం లేదా?" అన్నాడు.

బేరానికి వచ్చినవాళ్ళు ఏమీ కొనకుండా లేచిపోతుంటే నాకు ఒళ్ళు మండుతుంది. అదే మంట అప్పుడూ పుట్టింది. గొంతు తగ్గించి మొదలుపెట్టాను. నవాబుల కాలంలో ఈ తోటకి ఒక మాలి ఉండేవాడు. బావిలోకి దిగేముందు వస్తున్నా అని చెప్పి దిగేవాడు. ఒకరోజు పొద్దుగూకి మగ్రిబ్ నమాజు వేళ అలాగే చెప్పి దిగాడు. పైకి రాలేదు. వెతికితే నీళ్ళలో ఏమీ దొరకలేదు. కానీ ఇప్పటికీ పొద్దుగూకే వేళ ఈ మెట్ల దగ్గర నిలబడితే, అతను పైకి వస్తున్నానని చెబుతుంటాడు.

ఒకామె చున్నీ తల మీదికి లాక్కుంది. చింతచెట్టులోకి చిలుకలు వచ్చి వాలుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ నిశ్శబ్దం ఎంత బాగుందో నాకు! నలభై ఏళ్ళ బేరాల్లో ఏ చీర దగ్గరా అంత నిశ్శబ్దం నాకు దొరకలేదు.

మాలి మల్లెలకు నీళ్ళు పెడుతూ అంతా విన్నాడు. వాళ్ళు వెళ్ళాక పైపు పట్టుకుని దగ్గరికి వచ్చాడు.

"సేటూ, గా మాలి ఎవలు?"

"ఎవరూ లేరన్నా. ఊకె కథ."

"మరి సచ్చిందెవలు?"

"చెప్తున్న గద, కథ అని."

"మాలి అన్నవ్. బాయి గీ బాయేనన్నవ్. ఈడ మాలిని నేనొక్కన్నే ఉన్న." పెద్దగా నవ్వాడు. "జర సూసి సంపు సేటూ!"

నేనూ నవ్వాను.

తర్వాత ఆదివారం పదిహేనుమంది వచ్చారు. ఆ తర్వాత ఇరవై. అందరూ బావి కోసమే. దానిమ్మల దగ్గర ఆగుదామంటే, ముందు ఆ బావి చూపించండి అంకుల్ అనేవాళ్ళు. కథ కూడా పెరుగుతూ వచ్చింది. మాలికి పెళ్ళి కావాల్సిన కూతురుందని ఒకవారం చెప్పాను. ఇంకోవారం మెట్ల మీద తడి పాదాల గుర్తులు కలిపాను. మేకల కోసం రోజూ గడ్డి కోసుకునే ఆమె, నేను చెబుతుంటే విని, సాయంత్రం రావడం మానేసింది. పిల్లలు బంతి ఆడటం మానేశారు. ఎవరో గేటుకు నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టారు.

"తమాషేందంటె సేటూ," అన్నాడు మాలి ఒకరోజు, "బతికున్నోన్ని ఒక్కన్ని ఉన్న, నా దగ్గరికి ఎవలు వస్తలేరు. సచ్చినోన్ని జూడనీకి మంది మస్తు వస్తున్నరు."

అందులో ఫిర్యాదు ఉందని అప్పుడు నాకు తోచలేదు. తోచకపోగా నేను ఇంకో అడుగు ముందుకు వేశాను. వచ్చినవాళ్ళలో కొందరు, మరి ఏం వినిపించలేదేంటి అని అడగడం మొదలుపెట్టారు. అందుకని అతన్ని అడిగాను. మేం వచ్చినప్పుడు ముందే కిందికి దిగి, మలుపు దగ్గర నిలబడి, నేను కథ ఆపగానే ఒక్కసారి వస్తున్నా అని పలకమని.

"నేను రోజు అంటనే ఉన్న. పనికి అంట. తమాషకు అన."

"ఒక్కసారే అన్నా. ఎవరికి నష్టం?"

"సేటూ, నీ కథలు నీ చీరలకాడ చెప్పుకోరాదే. బాయి నోరు ఊకుండనియ్యి."

రెండు వారాలు అతనితో ముభావంగా ఉన్నాను. మూడో వారం మళ్ళీ అడిగాను. చేతిలో గడ్డపార ఉంది, చెమట కారుతోంది. నన్ను వదిలించుకోవడానికే కాబోలు, "సూద్దాం తియ్యి" అన్నాడు. మా దుకాణంలో చూద్దాం అన్నవాళ్ళెవరూ తిరిగి రారు. అది నాకంటే బాగా తెలిసినవాడు పత్తర్‌గట్టిలో లేడు. అయినా ఆ మాటని ఒప్పుకోలుగా లెక్కవేసుకున్నాను. నాకు కావలసింది అదే మరి.

ఆ ఆదివారం కార్తీకం. పొద్దు తొందరగా గుంకుతోంది. ఇరవైమందికి పైగా వచ్చారు. గేటు దగ్గర మాలి లేడు. మల్లె మడిలో పైపు పడి ఉంది. దాని మూతిలోంచి నీళ్ళకు బదులు గాలి ఉమ్ముతున్నట్టు చప్పుడు వస్తోంది. మోటరు వట్టిగా తిరుగుతోంది. నీళ్ళు అందకపోతే అతను కిందికి దిగి పైపు అడుగునుండే ఫుట్‌వాల్వు చూస్తాడు. అది నాకు తెలుసు. ఎన్నోసార్లు చూశాను.

బావి దగ్గరికి వచ్చేసరికి పై మెట్టు మీద అతని చెప్పులు కనిపించాయి. నా మనసు గంతు వేసింది. దిగాడు, నా మాట విన్నాడు, అనుకున్నాను. ఆ చెప్పులు ఎవరికీ కనబడకుండా కాలితో పక్కకు నెట్టాను.

కథ మొదలుపెట్టాను. ఎప్పటికంటే నెమ్మదిగా చెప్పాను. వెతికితే నీళ్ళలో ఏమీ దొరకలేదు అన్నచోట ఆపాను.

"ఓ..."

గట్టిగా రాలేదు. కింది నుంచి వచ్చినట్టు కూడా లేదు. పక్క గోడలోంచి, మా నడుముల ఎత్తులోంచి వచ్చినట్టుంది. ఒకరి చేతిలోని ఫోను రాళ్ళ మీద పడింది. ఆడపిల్లలు ఒకరినొకరు పట్టుకున్నారు. ఎంత బాగా చేస్తున్నాడు అనుకున్నాను.

"ఓ... సేటూ..."

నేను స్పష్టంగా విన్నాను. ఈ విషయంలో నన్ను నేను ఇక తప్పించుకోదలచుకోలేదు. ఆ మాట నాకు వినబడింది. విని నాకు కోపం వచ్చింది. చచ్చిపోయిన మాలి సేటూ అని ఎందుకు పిలుస్తాడు, ఈ ముసలాయన ఆట చెడగొడుతున్నాడు అనుకున్నాను.

"అంకుల్, సేటు అన్నట్టుంది?" అంది ఒక అమ్మాయి.

నాలుక చివర సిద్ధంగా ఉంది అబద్ధం. "అవునమ్మా. అప్పటి ఆసామిని పిలుస్తాడు. ఈ తోట అప్పుడు ఒక సేటుది. పదండి, పదండి, ఈ వేళప్పుడు ఇక్కడ నిలబడకూడదు."

నవ్వుకుంటూ, భయపడుతూ, పరుగులాంటి నడకతో అందరూ గేటు వైపు వెళ్ళారు. వెనక నుంచి ఇంకోసారి వినిపించింది. ఈసారి మాట లేదు, వట్టి గొంతు. గేటు దగ్గర వాళ్ళు నాకు చప్పట్లు కొట్టారు. నేను బావి వైపు తిరిగి, చీకట్లో చెయ్యెత్తి, శభాష్ అన్నట్టు ఊపాను. గేటు మూసి, వాళ్ళతో కలిసి ఇరానీ చాయ్ తాగాను. ఆ రాత్రి నాకు మంచి నిద్ర పట్టింది.

తెల్లవారాక గడ్డి కోసే ఆమె తోటకి వచ్చింది. మోటరు కాలిన వాసన వస్తోందట. బావి వైపు నుంచి మూలుగు విని, కొడవలి అక్కడే పారేసి పారిపోయింది. ఇంట్లో చెబితే ఎవరూ వెంట రాలేదు. చివరికి ఆమె మరిది పొద్దెక్కాక నలుగురిని తీసుకుని దిగాడు. మలుపు దగ్గర పాచి మీద జారి, తుంటి విరిగి, సగం ఒళ్ళు నీళ్ళలో పడి ఉన్నాడు మాలి. ఇనుప పైపు చుట్టూ చెయ్యి వేసుకుని ఉన్నాడు. ఆ వేళ్ళు విడదీయడానికి చాలాసేపు పట్టిందని చెప్పారు.

మధ్యాహ్నానికి నాకు తెలిసింది. దవాఖానా వరండాలో అతని కూతురు నేల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది.

"సేటూ, నిన్న ఐతారం గద. నువ్వు మందిని తోల్కోని వస్తవు గద. మా బాపు మస్తు ఒర్రిండంట. మీకెవలకు ఇనవడలేదా?"

ఆమె ముఖంలో అనుమానం లేదు. ఊరికే అడుగుతోంది. ఆ ముఖం చూస్తూ అన్నాను: "నిన్న బాయికాడికి రాలేదు బిడ్డా. గేటు కాన్నుంచే మర్లిపోయినం."

"గదే అనుకున్న. ఇంటె నువ్వు ఊకుంటవా!" అంది. నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

ఆ మాట అన్నప్పుడు నేను ఒక్క కూతురికే అబద్ధం చెబుతున్నాననుకున్నాను. అది లోపల మంచం మీద ఉన్న మనిషి దాకా పోతుందని ఆలోచించలేదు. జ్వరం తగ్గి మాట వచ్చాక అతను జరిగింది జరిగినట్టు చెప్పాడట. సేటు వచ్చిండు, మంది వచ్చిండ్రు, నేను పిలిచిన, గాల్లు సప్పట్లు గొట్టి పోయిండ్రు, అని. కూతురు అతని తల నిమిరి, సేటు రాలేదు బాపు, అడిగిన నేను, నువ్వు జరంల గట్ల అనుకున్నవ్ అందట. రోజూ అందట. మంచి మనసుతోనే అంది పాపం. నా మాట మీద నమ్మకంతో అంది.

ఆదివారాలు మానేశాను. ఆరోగ్యం బాగాలేదని అందరికీ చెప్పాను. అతన్ని చూడటానికి మాత్రం రెండు నెలలు పోలేదు. పోయినరోజు మాదన్నపేట మార్కెట్ కిటకిటలాడుతోంది. కూతురు టమాటాల గంప ముందు కూర్చుంది. వెనక, ఖాళీ గోనెసంచుల పక్కన ప్లాస్టిక్ కుర్చీలో అతను. నడవలేడు. చిక్కిపోయాడు. జనం అతని కాళ్ళను తాకుతూ, మీదుగా వంగి, అటూ ఇటూ పోతున్నారు.

నన్ను చూసి చాలా నెమ్మదిగా అన్నాడు, పెదవులు మాత్రమే కదిలినట్టు: "సేటూ, నేను కనవడ్తున్ననా?"

"ఇదే పాట సేటూ," అంది కూతురు, అలిసిపోయిన నవ్వుతో. "కనవడ్తున్ననా, ఇనవడ్తుందా. వచ్చినోల్లందర్ని అడుగుతడు. గిలాస మీద చెంచతోని కొట్టి సూస్తడు, ఎవలన్న మర్లి సూస్తరా అని."

"నా మీదికెల్లి నడుస్తున్నరు బిడ్డా. ఉంటె గద ఆగుతరు."

"అయ్యో బాపు, గిది మాదన్నపేట మార్కెట్! ఈడ బతికున్నోల్ల మీదికెల్లి గూడ నడుస్తరు. పొద్దుగాల నా కాలు తొక్కిన ఆమె నన్నే తిట్టిపోయింది."

ఆమె బేరంలో పడింది. అతను నన్ను వంగమని సైగ చేశాడు. అతని ఊపిరి నా చెవికి చల్లగా తగిలింది.

"నువ్వు చెప్పేదంత ఇన్న సేటూ. కింద పడి ఉన్న గద, ఒక్కొక్క మాట ఇనవడ్డది. నవాబు కాలం, మాలి, వస్తున్న అని దిగిండు, మీదికి రాలె. ఇంటుంటె నాకు సమజైంది. గది నా ముచ్చటనే. నేను ఎప్పుడో సచ్చిన. నువ్వేమో నా కథ మందికి చెప్తున్నవ్. అందుకే నేను పిలిస్తె ఎవలు దిగలె. సచ్చినోడు పలికితె సప్పట్లే గొడ్తరు గద."

కూతురు రెండడుగుల దూరంలో ఉంది. అక్కడైనా చెప్పవలసింది. చెప్పలేదు.

"ఆ దినం మేం రాలేదన్నా," అన్నాను.

అతను తల ఊపాడు. ఎదురుచూసిన జవాబే వచ్చినట్టు. "గదే. నువ్వు రాలె. నువ్వు రాకున్న నీ మాట నేను ఇన్న. అంటె నేను అప్పుడు ఏడున్నట్టు? ఇప్పుడు ఏడున్నట్టు?"

ఇంటికి ఎలా వచ్చానో గుర్తు లేదు. ఆ తర్వాత చాలా రోజులు నన్ను నేను సమర్థించుకోవడానికి ఒక దారి వెతికాను. కింద నుంచి మాట పైకి సరిగ్గా రాకపోవచ్చు. పైనున్నది కిందికి సరిగ్గా పోకపోవచ్చు. జ్వరంలో అతను నిజంగానే కొంత కల్పించుకుని ఉండొచ్చు. దాన్ని తేల్చుకోవడానికే ఒక సాయంత్రం తోటకి వెళ్ళాను. గేటుకు తాళం కూడా లేదు. మల్లెలు మాడిపోయాయి. సపోటాలు రాలి, పగిలి, చీమలు పట్టి ఉన్నాయి.

చెప్పులు విడిచాను. పలకాలో వద్దో తెలియక కాసేపు నిలబడ్డాను. చివరికి "వస్తున్నా" అన్నాను. నా గొంతు నాకే పరాయిగా వినిపించింది. లోపల ఏదో రెక్కలు కొట్టుకుని పక్కకు జరిగింది. గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగాను. మలుపు తిరగగానే వెలుతురు తెగిపోయింది. అతను పడిన చోట, పైపు పక్కన, తడి రాతి మీద కూర్చున్నాను.

నేను అనుకున్నట్టు అక్కడ నిశ్శబ్దం లేదు. పైన చింతాకులు రాలి నేలను తాకడం వినిపిస్తోంది. గోడ అవతలి సందులో ఒకామె పిల్లవాణ్ణి తిట్టడం వినిపిస్తోంది. ఉల్లిగడ్డల బండివాడి కేక చెవి పక్కనే అరిచినట్టుంది. ఆ బావి నోరు పైకి ఎంత తెరిచి ఉందో, చెవిలా కిందికి అంత తెరిచి ఉంది. అతను ఒక్క అక్షరం కల్పించుకోలేదు.

అప్పుడే అడుగుల చప్పుడు. ఇద్దరు కుర్రవాళ్ళు, గొంతుల్ని బట్టి కాలేజీ వయసు.

"గిదే రా. గీడనే. ముందుగాల ఒక మాలి పోయిండంట, మొన్న గింకొకన్ని గుంజుకున్నదంట."

"పోతడా ఎవలన్న గట్ల? నువ్వు ఊకె డరాయించకు."

"అరె, మస్తు మంది ఇన్నరంట. సేటూ, సేటూ అంటదంట. పిలుద్దామా?"

వాళ్ళ నోట నా కథ వింటున్నాను. నేను వేసిన మెలికలన్నీ ఉన్నాయి, తడి పాదాలతో సహా. రెండో మాలి కూడా చేరిపోయాడు, మాదన్నపేటలో కుర్చీలో కూర్చున్నవాడు. ఆ క్షణంలో నాకు అతని లెక్క అర్థమైంది. ఇక్కడ కూర్చుని, పైన ఎవరో మన చావు గురించి అంత ధీమాగా చెబుతుంటే, కాదని అనడానికి మన దగ్గర ఏముంటుంది? చీకట్లో నా చేతులు పైకెత్తి చూసుకున్నాను. కనిపించలేదు.

"ఉన్నవా?" అని అరిచాడు ఒకడు, నవ్వుతూ.

"ఉన్న," అన్నాను. "భాయ్, నేను మనిషిని."

కేకలు, రాళ్ళ మీద పరుగు, గేటు గోడకు కొట్టుకున్న చప్పుడు. "మనిషినే!" అని ఇంకోసారి అరిచాను. వాళ్ళు ఇంకా వేగంగా పరిగెత్తారు. నేను లేచి పైకి రావడానికి చాలాసేపు పట్టింది. కాళ్ళు బాగానే ఉన్నాయి. ధైర్యమే లేదు. పైకి వచ్చాక ఎవరైనా నన్ను చూస్తే బాగుండని సందు చివరి దాకా ప్రతి ముఖంలోకీ చూసుకుంటూ నడిచాను.

మర్నాడు పొద్దున్నే మాదన్నపేట వెళ్ళాను. కూతురు వంకాయలు తూస్తోంది. అతను కుర్చీలో ఉన్నాడు.

"బిడ్డా, జర ఆగు. నువ్వు గూడ ఇనాలె," అన్నాను. తర్వాత అతని ముందు కింద కూర్చుని చెప్పాను. "అన్నా, ఆ దినం నేను వచ్చిన. బాయికాడనే ఉన్న. నువ్వు పిలిచింది ఇన్న."

అతను కళ్ళార్పకుండా చూశాడు.

"సేటూ అన్నది?"

"ఇన్న."

"ఒక్కసారేనా?"

"అన్నిసార్లు ఇన్న. నీ చెప్పులు గూడ సూసిన. నా మాట మీద నువ్వు తమాష చేస్తున్నవనుకున్న. నువ్వు సేటూ అంటె నా కథ ఖరాబైతదని మందిని ఎల్లగొట్టిన."

తరాజు కింద పడింది. వంకాయలు నా కాళ్ళ దగ్గరికి దొర్లాయి. కూతురు లేచి నిలబడింది. "దవఖానల అడిగితె రాలేదన్నవ్ గద."

"అబద్ధం చెప్పిన."

"రోజు చెప్పిన నేను మా బాపుకు! నువ్వు రాలేదు, నువ్వు రాలేదు అని. తిండి పెట్టుకుంట చెప్పిన, మందు ఏసుకుంట చెప్పిన. నీ నోటి మాట వట్టుకోని మా బాపును నేనే పిచ్చోన్ని జేస్తి." ఆమె చెయ్యి లేచింది. కొడుతుందనుకున్నాను. కొట్టి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. ఆమె ఆ చేతిని తన నోటికి అడ్డం పెట్టుకుంది.

అతను మమ్మల్నిద్దర్నీ పట్టించుకోలేదు. తనలో తాను ఏదో సరిచూసుకుంటున్నట్టు పెదవులు కదిపాడు. తర్వాత కూతురి కొంగు పట్టి లాగాడు.

"ఇన్నవా బిడ్డా? ఇనవడ్డదంట. నేను ఒర్రింది మీదికి పోయిందంట." ముఖం అంతా ముడతలు పడి, నవ్వో ఏడుపో తెలియకుండా అయింది. "నాకు ఎరికె. నేను మస్తు గట్టిగ ఒర్రిన."

"గట్టిగనే ఒర్రినవ్ బాపు," అందామె, అతని తల తన పొట్టకు ఆనించుకుని.

కాసేపటికి అతను తల తిప్పి, రోడ్డు అవతల హోటలు వైపు చూసి, అన్ని నెలల్లో ఎవరూ వినని గొంతుతో అరిచాడు. "ఓ భాయ్! రెండు చాయ్!"

"ఆయా చాచా!" అని అటునుంచి జవాబు వచ్చింది.

రెండు అన్నాడు. అతనికీ, కూతురికీ. నేను లేచాను.

"ఇగ పో సేటూ," అంది ఆమె, నా వైపు చూడకుండా. "మల్ల ఈడికి రాకు."

క్షమించమని అడగాలని వచ్చాను. ఆ మాటకి అక్కడ చోటు లేదు. తలవంచుకుని జనంలోకి నడిచాను. పది గజాలు పోయానో లేదో వెనక నుంచి వినిపించింది.

"సేటూ!"

వెంటనే ఆగి, తిరిగి చూశాను. అతను కుర్చీలో నిటారుగా కూర్చుని నన్నే చూస్తున్నాడు. నేను రెండడుగులు వెనక్కి వేశాను.

"ఏం లే," అన్నాడు. "పో."

మళ్ళీ నడిచాను. కొత్తిమీర గంపల దగ్గరికి వచ్చాక మళ్ళీ పిలిచాడు. మళ్ళీ తిరిగాను. నేను తిరిగానని చూసుకుని, కూతురు ఇచ్చిన చాయ్ గ్లాసు అందుకున్నాడు.